మడ్‌గార్డ్ విప్పి చూసి కొన్న పాత రోవర్

ఫోటో చూసిన మనవాళ్ళు అందరూ అడిగేది ఒక్కటే, బర్మింగ్‌హామ్‌లో ఇన్నేళ్ళుండి పాత ఇంగ్లిష్ కారు కొనాలనుకున్నవాడివి జాగ్వార్ కొనొచ్చుగా, ఈ రోవర్ ఏంటి అని. జాగ్వార్ మార్క్ 2 అందం మీద నాకేం పేచీ లేదండీ, కానీ దాని ధరకి తగ్గట్టే దాన్ని కొన్నవాళ్ళు ఎండ కాసిన ఆదివారం చూసుకుని, తుడిచి, గంటసేపు తిప్పి మళ్ళీ దుప్పటి కప్పేస్తారు. నాకు కావాల్సింది వానలో కూడా బయటికి తీసే కారు, నలుగురం కూర్చుని వెళ్ళే సెలూన్, ఇంజన్ శబ్దం కాస్త వినబుద్ధయ్యేది. అలా తిరిగి తిరిగి రోవర్ పీ6 దగ్గర ఆగాను. నాది 1972 మోడల్ 3500, ఆటోమేటిక్ గేర్లు, రంగు పేరు టొబాకో లీఫ్. మాది ఒంగోలు వైపు, పొగాకు కాల్చే బ్యారన్లు చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ రంగు పేరు చదవగానే సగం బేరం అయిపోయిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఈ కారు గొప్పతనం తెలియాలంటే అంతకుముందు రోవర్ అంటే ఏంటో తెలియాలి. డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు, రిటైరైన పెద్దమనుషులు కొనుక్కునే బండి. వాళ్ళ పీ4 మోడల్‌కి ఇక్కడి జనం పెట్టిన ముద్దుపేరే ‘ఆంటీ’. అలాంటి కంపెనీ 1963 అక్టోబర్‌లో రోవర్ 2000 అని ఈ పీ6ని బయటపెట్టేసరికి చూసినవాళ్ళకి ఇది ఆ కంపెనీదేనా అని అనుమానం వచ్చుంటుంది. స్పెన్ కింగ్, గోర్డన్ బాష్‌ఫోర్డ్ ఇంజనీరింగ్, డేవిడ్ బాచ్ డిజైన్. యూరప్‌లో కార్ ఆఫ్ ద ఇయర్ అవార్డు మొదలైందే 1964లో, ఆ మొట్టమొదటి అవార్డు దీనికే ఇచ్చారు.

నాకు మాత్రం అవార్డు కన్నా దీని వెనక ఉన్న పిచ్చి ఎక్కువ నచ్చింది. యుద్ధం రోజుల్లో రోవర్ వాళ్ళు జెట్ ఇంజన్ల మీద పనిచేశారు, ఆ మోజు తర్వాత కూడా వదల్లేదు, 1950లో జెట్1 అని గ్యాస్ టర్బైన్‌తో, అంటే జెట్ ఇంజన్ తరహా ఇంజన్‌తో నడిచే కారే చేసి చూపించారు, 1963లో రేసు కార్లు చేసే బీఆర్ఎం కంపెనీతో కలిసి టర్బైన్ కారుని ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ రేసుకి కూడా తీసుకెళ్ళారు. పీ6 గీస్తున్నప్పుడు కూడా ఎప్పటికైనా ఇందులో టర్బైన్ పెడతామనే ఆశ ఉండేది. టర్బైన్‌కి వెడల్పాటి చోటు కావాలి, మామూలుగా ముందు చక్రాల పైన నిలువుగా నిలబడే స్ప్రింగులు ఆ చోటు తినేస్తాయి, అందుకని స్ప్రింగుల్ని పడుకోబెట్టి, ఇంజన్‌కీ మన కాళ్ళకీ మధ్య ఉండే గోడకి ఆనించారు. బానెట్ ఎత్తి చూస్తే ఇప్పటికీ అలాగే పడుకుని ఉంటాయి. టర్బైన్ రానే రాలేదు. దాని కోసం ఖాళీగా ఉంచిన చోట్లోకి 1968లో వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, వచ్చి కూర్చుంది.

ఆ వీ8 కథ ఇంకోటి. అది అసలు అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళ బ్యూయిక్ కార్ల ఇంజన్. జనరల్ మోటార్స్ వాళ్ళు పూర్తి అల్యూమినియంతో తయారుచేసి, పోత పోయడంలో ఖర్చూ తలనొప్పీ ఎక్కువై 1963కల్లా వదిలేశారు. రోవర్ అమెరికా వ్యాపారం చూసే బ్రూస్ మెక్‌విలియమ్స్ పడవ ఇంజన్లు చేసే మెర్క్యురీ మెరైన్‌కి వేరే పని మీద వెళ్తే ఈ ఇంజన్ అక్కడ కంటపడింది, కొలతలు తీసుకుంటే మన బండిలో పడుతుందే అనిపించింది, 1965లో హక్కులు కొనేశారు. 3528 సీసీ ఉన్నా అల్యూమినియం కాబట్టి బరువు పెద్దగా లేదు, పాత నాలుగు సిలిండర్ల ఇంజన్‌తో పోలిస్తే కొద్దిగానే ఎక్కువ. చోటు సరిపోక బ్యాటరీని మాత్రం డిక్కీలోకి పంపారు. అమెరికా వాడు వద్దనుకున్న ఆ ఇంజనే తర్వాత రేంజ్ రోవర్లో, మోర్గాన్ ప్లస్ 8లో, ఎంజీబీలో కూర్చుని 2000 సంవత్సరం దాటాక కూడా బతికింది. వదిలేసినవాడు తర్వాత ఏమనుకున్నాడో మరి.

సరే కొనడం సంగతి. ఇక్కడే ఈ కారు మిగతావాటి కన్నా వేరు, ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకునేది కూడా. పీ6కి కింద ఒక ఉక్కు అస్థిపంజరం ఉంటుంది, దాన్ని బేస్ యూనిట్ అంటారు, బలమంతా దానిదే. పైన మనకి కనిపించే మడ్‌గార్డ్‌లు, తలుపుల పై రేకులు, ఆఖరికి టాప్ కూడా దానికి బోల్టులతో బిగించినవే. బానెట్, డిక్కీ మూత అల్యూమినియం. అంటే బయట కనిపించేదంతా తోలు మాత్రమే. ఆ తోలుకి కొత్త రంగు కొట్టించి, క్రోమ్ తుడిచి, సీట్ల లెదర్‌కి పాలిష్ పెడితే లోపల బొమికలు పొడైపోతున్నా బండి పెళ్ళికొడుకులా నిలబడి ఉంటుంది. రంగు బావుందని కొన్నవాళ్ళు తర్వాత వెల్డింగ్‌కి కారు ధర కన్నా ఎక్కువ పెట్టిన సంగతులు ఇక్కడ ఏ పాత కార్ల సంతకెళ్ళినా వినిపిస్తాయి. చూడాల్సింది సిల్స్, అంటే తలుపుల కింద పొడుగ్గా ఉండే రేకు భాగం, దాని లోపలి వైపు, వెనక తలుపు దాటాక నిలువుగా ఉండే పోస్టు, వెనక చక్రాల పైన లోపలి ఆర్చీలు, ఇంకా వెనక సీటు కింద. ఆ సీటు కింద శబ్దం రాకుండా వేసిన మందపాటి మ్యాట్ ఉంటుంది, అది నీళ్ళు పీల్చుకుని ఎండకుండా అలాగే ఉండిపోతుంది, దాని కింద రేకు ఏ స్థితిలో ఉంటుందో మీరే ఊహించుకోండి.

నేను మొదట చూసినవాటిలో ఒకడైతే సీటు ఎత్తుతానంటే మొహం మార్చుకున్నాడు, లెదర్ పాడవుతుందట. థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను. ఈ కారు అమ్మినాయన వూస్టర్ దగ్గర పల్లెలో ఉండే రిటైరైన మనిషి, ఈయన పద్ధతే వేరు. నేను, కోవెంట్రీలో ఉండే మా తమ్ముడి వరసవాడు కలిసి వెళ్ళేసరికి కారు గ్యారేజీలో ఒక పక్క వెనక మడ్‌గార్డ్ లేకుండా నిలబడి ఉంది. యాక్సిడెంటేమో అనుకున్నాం. కాదు, చూడ్డానికి వస్తున్నారుగా అని ఆయనే పొద్దున్నే బోల్టులు విప్పి పక్కన దుప్పటి మీద పెట్టాడు. సీటు కూడా తీసేసి, చేతిలో టార్చ్ పెట్టి, నేను టీ పెడతాను మీరు తీరిగ్గా చూసుకోండి అని లోపలికెళ్ళిపోయాడు! ఎప్పుడో అతుకు వేసిన చోట్లు కనిపించాయి, నీట్‌గా వేసిన అతుకులు, బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి. మావాడు కింద దూరి గుచ్చి గుచ్చి చూసి బయటికొచ్చి, “అన్నా, పైన రంగు అక్కడక్కడా పెచ్చులు లేచింది కానీ కింద మాత్రం గట్టిగా ఉంది, ఇంక ఆలోచించకు” అన్నాడు. ధర ఒక మామూలు సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ అంతే అయింది. బేరం ఆడాలనిపించలేదు, అలా చూపించినాయన దగ్గర ఏం బేరం ఆడతాం.

ఇంటికి తెచ్చాక మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి వేసిన మొదటి ప్రశ్న, “వెనక ఇద్దరేనా? మరి అత్తయ్య వస్తే ఎక్కడ కూర్చుంటారండీ?” అని. పాయింటే. వెనక పొడవాటి బెంచీ సీటు కాదు, రెండు విడివిడి సీట్లలా ఒంపు తీసి కుట్టారు, మధ్యలో మూడో మనిషి కూర్చుంటే సుఖం ఉండదు. డిక్కీ కూడా చిన్నదే. అందుకని కొందరు స్టెపినీ టైరుని డిక్కీ మూత పైన పెట్టించుకునేవాళ్ళు, దానికి ఫిట్టింగ్ కంపెనీవాళ్ళే అమ్మేవాళ్ళు. కానీ ముందు కూర్చుంటే ఎంత ఆలోచించి చేశారో తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు కింద మోకాళ్ళ దగ్గర రెండు పెద్ద అరలు, మెత్తటి అంచులతో, గుద్దుకుంటే కాళ్ళు విరక్కుండా. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ముందు సైడ్ లైట్ల పైన ఉండే చిన్న గాజులాంటి మొన, రాత్రి లైట్ వెలిగిందో లేదో సీట్లో కూర్చునే దాన్ని చూసి తెలుసుకోవచ్చు, దిగక్కర్లేదు. అరవై ఏళ్ళ కింద ఎవరో కూర్చుని దీని గురించి ఆలోచించారు చూడండి.

రోడ్డు మీద ఇది పరుగెత్తమని తొందరపెట్టే కారు కాదు. మలుపుల్లో ఒరుగుతుంది, బాగానే ఒరుగుతుంది, మొదటిసారి ఎక్కినవాళ్ళు తలుపు పట్టుకుంటారు. కానీ చక్రాలు మాత్రం రోడ్డుని వదలవు, ఎందుకంటే వెనక డి డియాన్ అనే ఖరీదైన సస్పెన్షన్ పద్ధతి వాడారు, ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకి పంచే డిఫరెన్షియల్ బాడీకి బిగించి ఉంటుంది, వెనక డిస్క్ బ్రేకులు కూడా చక్రాల దగ్గర కాకుండా లోపల డిఫరెన్షియల్ పక్కనే ఉంటాయి, దాంతో చక్రం మోసే బరువు తగ్గి గతుకుల్లో కూడా మెత్తగా పోతుంది. వినడానికి బావుంది కదా, ఆ బ్రేక్ ప్యాడ్లు మార్చాలంటే మాత్రం బండి కింద పడుకుని కనిపించని చోట చేతులు పెట్టాలి. ఆ పని చెప్తే మా మెకానిక్ ఒక నిట్టూర్పు విడిచి, దాన్ని కూడా కలిపి బిల్లు వేస్తాడు.

కాగితాల పని తేలిక. నలభై ఏళ్ళు దాటిన కారుని హిస్టారిక్ కింద రాయించుకుంటే ఇక్కడ రోడ్ ట్యాక్స్ లేదు, 2018 నుంచి ఎంఓటీ, అంటే ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష, కూడా తప్పనిసరి కాదు, బర్మింగ్‌హామ్ సిటీలోకి వెళ్ళినా పొగ ఎక్కువ వదిలే బళ్ళకి వేసే క్లీన్ ఎయిర్ జోన్ చార్జీ పడదు. నేను మాత్రం ఏటా ఎంఓటీ చేయిస్తాను, కింద ఇంకో జత కళ్ళు పడితే మంచిదే. పెట్రోల్ మాత్రం 2021 నుంచి మామూలుగా దొరికే, పది శాతం దాకా ఇథనాల్ కలిపిన ఈ10 పోయను, ఆ ఇథనాల్ పాత రబ్బరు పైపులకి పడదు, ఖరీదెక్కువైనా ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపర్ పోస్తాను. గాలన్‌కి ఇరవై మైళ్ళు అటూ ఇటూ, అంటే లీటరుకి ఏడు కిలోమీటర్లు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది.

1977లో పీ6 ఆపేశారు, అప్పటికి మూడు లక్షల ఇరవై వేలకి పైగా చేశారు. దీని తర్వాత వచ్చిన ఎస్‌డీ1లో డి డియాన్ తీసేసి మామూలు యాక్సిల్ పెట్టారు, వెనక డిస్కుల బదులు డ్రమ్ములు, ఖర్చు తగ్గింది. ఆ ఎస్‌డీ1నే 80లలో మద్రాసులో స్టాండర్డ్ 2000 పేరుతో చేశారు, మనవాళ్ళలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ అందమైన బాడీలో పాతకాలం స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు ఇంజన్ పెట్టారు పాపం, కదల్లేదు, అమ్ముడుపోలేదు. అంబాసిడర్ మాత్రం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చి 2014 దాకా నడిచింది. పీ6 మన దేశంలో తయారైతే ఎలా ఉండేదో అని నేను అప్పుడప్పుడూ అనుకుంటాను కానీ ఆ లోపలి బ్రేకులు మన ఊరి షెడ్డులో ఎవరు ముట్టుకునేవాళ్ళు చెప్పండి. ఇది తయారైన, బర్మింగ్‌హామ్ పక్కనున్న సోలిహల్ ఫ్యాక్టరీ ఇప్పుడు మన టాటాలదే, రేంజ్ రోవర్లు చేస్తున్నారు, రోవర్ అనే పేరు కూడా వాళ్ళ చేతిలోనే ఉంది, వాడట్లేదంతే.

ఎవరైనా ఇక్కడ పీ6 కొనాలనుకుంటే వీ8 కోసమే పట్టుబట్టకండి. నాలుగు సిలిండర్ల 2000 టీసీ (రెండు కార్బురేటర్లది) కూడా మంచి కారే, పెట్రోల్ తక్కువ తాగుతుంది, బానెట్ కింద చెయ్యి పెట్టడానికి చోటుంటుంది, నన్నడిగితే కుళ్ళిన 3500 కన్నా గట్టిగా ఉన్న 2000 కొనుక్కోవడమే తెలివి. చూడ్డానికి వెళ్ళేటప్పుడు టార్చ్ తీసుకెళ్ళండి. వెనక సీటు ఎత్తనివ్వకపోతే ఇచ్చిన టీ తాగేసి వచ్చేయండి.