పదో తరగతి జీవశాస్త్రం పదాలు నాకు పట్టుబడిన తీరు

మాది తిరుపతిలో కొర్లగుంట. పదో తరగతి పబ్లిక్ పరీక్షల ముందు నా టెన్షన్ అంతా జీవశాస్త్రం పదాల మీదే. గుండెలో పై గది కర్ణిక, కింది గది జఠరిక, రక్తనాళాలు ధమని, సిర, గదుల మధ్య తలుపుల్లాంటి అగ్రద్వయ కవాటం, అగ్రత్రయ కవాటం... రాత్రి బట్టీ పడితే తెల్లారేసరికి ఏది కుడో ఏది ఎడమో కలగాపులగం.

నర్సింగ్ చదివే మా అక్క సెలవులకొచ్చి నా నోట్సు చూసింది. "పేర్లు వరసగా రాసుకుంటే ఏం లాభమే? రక్తం ఎటు పోతుందో చెప్పు, పేర్లు దారిలో అవే వస్తాయి" అంది. ఆ ఆదివారం మటన్ కొట్టు నుంచి పొట్టేలు గుండెకాయ కోయించకుండా తెమ్మని నాయనకు చెప్పింది.

కోసేముందు గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం బృహద్ధమనిలో నీళ్లు పోసింది. లోపలికి దిగకుండా నిలబడ్డాయి. బయటికి పోయిన రక్తాన్ని వెనక్కి రానివ్వకుండా అర్ధచంద్రాకార కవాటాలు చేసే పని అదేనని అప్పుడు తెలిసింది. తర్వాత నిలువునా చీల్చింది. ఒక పక్క గోడ మందంగా, గట్టిగా ఉంది. రెండో పక్కది వేలితో నొక్కితే లోపలికి పోతోంది. ఎడమ జఠరిక ఒళ్లంతటికీ రక్తాన్ని తోయాలి, కుడిదానికి ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు. గుండెను ఎటు తిప్పిపెట్టినా మందం గోడ ఉన్నదే ఎడమ. ఆ తర్వాత నేనెప్పుడూ తడబడలేదు. కవాటాల అంచుల నుంచి తెల్లటి దారాల్లాంటివి కింది కండకు అతుక్కుని ఉండటం కూడా చూశాను.

ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం అని చాలామంది నేర్చుకుంటారు. గుండె నుంచి ఊపిరితిత్తులకు చెడు రక్తాన్నే తీసుకుపోయే పుపుస ధమని దగ్గర అది చెల్లదు. గుండె నుంచి తీసుకుపోయేది ధమని, గుండెకు తెచ్చేది సిర. ఇలా పట్టుకుంటే ఎక్కడా ఇబ్బంది లేదు.

మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ కూడా అలాగే, నీటిచుక్క వెంట నడిచాను. రక్తకేశనాళికా గుచ్ఛం, బౌమన్ గుళిక, సమీపస్థ సంవళిత నాళం, హెన్లీ శిక్యం, దూరస్థ సంవళిత నాళం, సంగ్రహణ నాళం. రోజుకు దాదాపు 180 లీటర్లు వడకడితే మూత్రంగా బయటికొచ్చేది ఒకటి రెండు లీటర్లే. మిగతాదంతా తిరిగి రక్తంలోకే. పునఃశోషణం ఎంత పెద్ద పనో ఆ అంకెలే చెప్తాయి.

మొక్కల హార్మోన్లకు ఇలాంటి దారి లేదు. ఆక్సిన్, జిబ్బరెల్లిన్, సైటోకైనిన్, వాటి పనులు పదేపదే రాసే నేర్చుకున్నాను.

చివరి వారమంతా పుస్తకం మూసి బొమ్మ గీయడం, పేర్లు రాయడం, ఫోటో తీసి అక్కకు పంపడం. జఠరికలో 'ఠ' మధ్య చుక్క లేకపోతే ఎర్రగా సున్నా చుట్టి వెనక్కి పంపేది.