ఉన్న క్లాస్‌ని లేదంటోంది

డాలస్‌లో డిసెంబర్ రాత్రి పదకొండు. హైదరాబాద్‌లో పొద్దున పదిన్నర. కాల్‌లో తొమ్మిదిమందిమి ఉన్నాం, పని చేస్తున్నది ఇద్దరమే: నేనూ, అటువైపు కొత్తగా చేరిన కరీంనగర్ కుర్రాడూ.

"అన్నా, జార్ విప్పి చూసిన. క్లాస్ ఉంది. ఉన్నదాన్ని లేదంటదేంది?"

జార్ అంటే జావా ప్రోగ్రామ్‌ని మూటకట్టిన ఫైలు, క్లాస్ అంటే అందులో ఒక కోడ్ ముక్క. ప్రొడక్షన్‌లో, అంటే అసలు పని జరిగే సర్వర్లో, మా జాబ్ పడిపోయింది. లాగ్ నిండా 'క్లాస్ దొరకలేదు' అనే క్లాస్‌నాట్‌ఫౌండ్ ఎక్సెప్షన్లే. జావా వెర్షన్ 8 నుంచి 17కి మార్చింది నేనే. క్లయింట్ ఒకళ్ళు, జీతమిచ్చే వెండర్ ఇంకొకళ్ళు. అలాంటి రాత్రి లాగ్ కంటే ముందు లెక్క గుర్తొస్తుంది: హెచ్-1బి మీద ఉద్యోగం పోతే దొరికే గడువు మహా అయితే 60 రోజులు. అపార్ట్‌మెంట్ లీజేమో ఆగస్టు దాకా.

రిఫ్లెక్షన్ అంటే పేరు పెట్టి క్లాస్‌ని పిలిపించుకోవడం. మేం వాడే లైబ్రరీ, ఎక్స్ఎంఎల్ రాసే క్లాస్ పేరుని కాన్ఫిగ్ ఫైల్లోంచి చదివి, నడుస్తున్న థ్రెడ్‌కి (ప్రోగ్రామ్‌లో పని చేసే ఒక్కో పోగుకి) ఉండే కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్‌ని, అంటే క్లాసులు వెతికి తెచ్చేదాన్ని, అడుగుతుంది. అది కాదంటే ఇంకెవర్నీ అడగదు, తనని తెచ్చిన లోడర్‌ని కూడా. నా దృష్టిలో అసలు బగ్ అదే. మేం వాడే జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ కట్టే జార్‌లో మన క్లాసులు లోపలి ఫోల్డర్లో ఉంటాయి, వాటి జాడ బూట్ సొంత లోడర్‌కే తెలుసు, జావా సిస్టమ్ లోడర్‌కి తెలీదు. జావా 8లో కామన్ పూల్ (ప్రోగ్రామంతా పంచుకునే థ్రెడ్ల గుంపు) థ్రెడ్లు తమని పుట్టించిన థ్రెడ్ లోడర్‌నే తెచ్చుకునేవి. 9 నుంచి వాటికి సిస్టమ్ లోడరే. మేం కంప్లీటబుల్ ఫ్యూచర్‌కి (పనిని పక్క థ్రెడ్‌కి పంపే జావా సదుపాయం) అప్పగించిన పని ఆ పూల్లోకి పోయింది. నిన్న చేరిన వాచ్‌మన్‌ని మూడో అంతస్తు వాళ్ళ గురించి అడిగితే ఏం చెప్తాడు?

నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు నడిచిందో దీంతో తేలిపోయింది. కోడ్ రాసుకునే ఐడీఈలో అన్నీ క్లాస్‌పాత్ మీదే, అంటే జావా నేరుగా వెతికే దారిలోనే ఉంటాయి, సిస్టమ్ లోడర్‌కీ కనిపిస్తాయి. కానీ టెస్ట్ సర్వర్లో నడిచింది కూడా ఇదే జార్, ఇదే జావా. అక్కడే గంటన్నర పోయింది.

"అన్నా, టెస్ట్‌ల సీపీయూలు రెండే. ప్రొడక్షన్‌ల ఎనిమిది. దాంతోని ఏమన్న అయితదా?"

కాదు అనబోయి, జావా 17 సోర్స్ తెరిచాను. పూల్ సైజు సీపీయూల కంటే ఒకటి తక్కువ. ఆ సంఖ్య ఒకటి దాటితేనే కంప్లీటబుల్ ఫ్యూచర్ కామన్ పూల్ వాడుతుంది. లేకపోతే పనికో కొత్త థ్రెడ్ పుట్టిస్తుంది, కొత్త థ్రెడ్ కన్న థ్రెడ్ లోడర్‌నే తీసుకుంటుంది. సర్వర్ చిన్నది కాబట్టి టెస్ట్ పాసైంది! పదిహేనేళ్ళ అనుభవమున్న నాకు తట్టలేదు, వాడికి తట్టింది. మ్యూట్ తీసి ఆ మాట అందరికీ వినపడేలా ఇంగ్లీషులో చెప్పాను. వాడి పేరుతో సహా.

మేనేజర్ అంతా విని, "అయితే ప్రొడక్షన్ కూడా రెండు సీపీయూలకి దింపేద్దామా?" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వాక భయమేసింది, ఎందుకంటే అది పనిచేస్తుంది. క్రిస్మస్ ఫ్రీజ్ మొదలైంది, జనవరి దాకా కోడ్ ముట్టుకోకూడదు. సెట్టింగులు మార్చుకోవచ్చు. సీపీయూలు తగ్గించనక్కర్లేకుండా కామన్ పూల్ పారలలిజమ్‌ని, అంటే ఆ పూల్ సైజుని, 1 చేస్తూ జావాని నడిపే జేవీఎంకి ఒక ఫ్లాగ్ ఇచ్చి రీస్టార్ట్ చేశాం. జాబ్ పరిగెత్తింది. పెద్ద పండగ చేసుకున్నట్టు కాల్‌లో చప్పట్లు. నాకు మాత్రం విరిగిన కుర్చీ కాలికి ఇటుక పెట్టినట్టుంది.

"అన్నా, లంచ్‌కి పోతున్న. నువ్వు పండుకో ఇగ," అన్నాడు కుర్రాడు. ఇక్కడ రెండు దాటింది.

జనవరిలో మా సొంత థ్రెడ్ పూల్ రాసి, ప్రతి థ్రెడ్‌కీ సరైన లోడర్ తగిలించాను. పది లైన్లు కూడా లేవు. లైబ్రరీ వాళ్ళకి బగ్ రిపోర్ట్ పంపాను. ఫ్లాగ్ తీసేద్దామని టికెట్ పెడితే, "నడుస్తోంది కదా" అని పక్కన పెట్టారు. ఇప్పటికీ ఎనిమిది సీపీయూల సర్వర్ మీద ఆ ఒకటి అలాగే ఉంది. నేనూ మళ్ళీ అడగలేదు. ఆ నెలే నా కాంట్రాక్ట్ రెన్యువల్.