2022 తెలుగు ఆల్బమ్‌ల వరస: మార్కులు వేసే పద్ధతి, వచ్చిన స్థానాలు

ఏడాది చివర వచ్చే టాప్ టెన్ ఆల్బమ్‌ల జాబితాలు చాలావరకు టాప్ టెన్ పాటల జాబితాలే. ఒక పాట ఊరంతా మోగితే ఆ సినిమా ఆల్బమ్ మొత్తం పైకెక్కేస్తుంది. అందులో మిగతా నాలుగు పాటలేంటని అడిగితే చెప్పేవాళ్లుండరు. ఆల్బమ్‌కి ర్యాంకు ఇవ్వాలంటే అందులో అందరికంటే వెనకబడ్డ పాట కూడా లెక్కలోకి రావాలి. ఈ పద్ధతంతా దాని కోసమే. తెలుగు సినిమా పాటలకి 2022 మంచి ఏడాది, లెక్కకి చిక్కులు కూడా బాగా ఉన్న ఏడాది, అందుకే దాన్నే తీసుకుంటున్నాను.

మొదటి చిక్కు: ఏ పాట ఏ ఏడాదిది? ఇప్పుడు పాటలన్నీ ఒకేరోజు ఆడియో ఫంక్షన్‌లో రావడం లేదు, లిరికల్ వీడియోలుగా నెలకొకటి చొప్పున వస్తున్నాయి. ఆర్ఆర్ఆర్ సంగతే చూడండి. 'దోస్తీ' 2021 ఆగస్టులో వచ్చింది, 'నాటు నాటు' అదే ఏడాది నవంబరులో, 'ఎత్తర జెండా' 2022 మార్చిలో. సినిమా 2022 మార్చి 25న విడుదలైంది. జాతీయ అవార్డులేమో దాన్ని 2021 సినిమాల కింద లెక్కేశాయి, ఆస్కార్ 2022 కింద లెక్కేసింది. ఎవరి నియమం వాళ్లది. మన జాబితాకి సినిమా విడుదల తేదీ ఒక్కటే పట్టుకోవాలి. ఒక్కో పాట విడిగా (సింగిల్‌గా) వచ్చిన తేదీ పట్టుకుంటే ఒకే ఆల్బమ్ రెండేళ్లకి చీలిపోతుంది. ఈ లెక్కన 2021లోనే విన్న 'కోలు కోలు' విరాటపర్వంతో పాటు 2022లోకి వస్తుంది. 2022 నవంబరులో మోత మోగించిన 'బాస్ పార్టీ', 'జై బాలయ్య' మాత్రం 2023 సంక్రాంతి సినిమాలవి కాబట్టి ఆ ఏడాది పట్టీలోకి పోతాయి.

రెండోది, ఆల్బమ్ అనిపించుకోవడానికి ఎన్ని పాటలుండాలి? కనీసం నాలుగు, ఒక్కోటీ రెండు నిమిషాలకి తగ్గకుండా. థీమ్ బిట్లు, కరావోకే ట్రాకులు, అదే పాటకి రీమిక్స్, శాడ్ వెర్షన్ వేటినీ లెక్కపెట్టొద్దు. ట్రాక్‌లిస్టులో పది పేర్లు కనపడ్డా ఇవి తీసేస్తే ఐదే మిగలడం మామూలే. నేపథ్య సంగీతానికి వేరే పట్టీ పెట్టుకోండి. జాతీయ అవార్డులు కూడా పాటలకీ నేపథ్య సంగీతానికీ విడివిడిగా ఇస్తాయి: 2021కి పాటల అవార్డు పుష్పకి దేవిశ్రీ ప్రసాద్ తీసుకుంటే, నేపథ్య సంగీతానిది ఆర్ఆర్ఆర్‌కి కీరవాణి తీసుకున్నారు. మసూద, కార్తికేయ 2 లాంటివి థియేటర్లో సౌండ్‌తో గెలిచిన సినిమాలు. వాటిని పాటల పట్టీలో పెడితే వాటికే అన్యాయం జరుగుతుంది.

నేపథ్య సంగీతం విడిగా చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. డీజే టిల్లు పాటలు శ్రీచరణ్ పాకాల, రామ్ మిరియాల చేశారు. నేపథ్య సంగీతం తమన్‌ది. రాధేశ్యామ్ తెలుగు పాటలు జస్టిన్ ప్రభాకరన్‌వి, హిందీ పాటలకి వేరే సంగీత దర్శకులు, తెలుగు వెర్షన్ నేపథ్య సంగీతం మళ్లీ తమన్. సినిమా చూసి వచ్చిన ఊపులో మార్కులేస్తే ఒకరి పనికి ఇంకొకరికి మార్కులు పడతాయి.

డబ్బింగ్ ఆల్బమ్‌లు కూడా వేరుగా ఉండాలి. పొన్నియిన్ సెల్వన్‌లో రెహమాన్ బాణీలు గొప్పవే, కానీ అవి తమిళ అక్షరాలకి కట్టినవి. తెలుగులో రాసే కవి ఆ కొలతలోనే మాటలు ఇరికించాలి. నేరుగా తెలుగులో పుట్టిన పాటతో దాని సాహిత్యాన్ని పక్కపక్కన పెట్టి తూచడం సరికాదు.

ఇక వినడం. ఇక్కడ అందరూ తప్పేది సౌండ్ దగ్గర. రెండు పాటల్లో ఒకటి ఒక్క డెసిబెల్ గట్టిగా మోగినా చెవికి అదే బాగున్నట్టు అనిపిస్తుంది, తేడా సౌండ్‌లో ఉందని తట్టదు కూడా. స్పాటిఫైలో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేసి 'నార్మల్' మీద ఉంచండి, అన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టి) దగ్గరికి తెస్తుంది. యాపిల్ మ్యూజిక్‌లో ఆ పని చేసేది సౌండ్ చెక్, అది మైనస్ 16కి తెస్తుంది. రెండు యాప్‌ల మధ్య మారుతూ వినొద్దు. యూట్యూబ్ గట్టి పాటల్ని తగ్గిస్తుందే తప్ప మెల్లటివాటిని పెంచదు, కాబట్టి మెలొడీలు అక్కడ ఎప్పుడూ నష్టపోతాయి. ఫైళ్లు కొనుక్కున్నవాళ్లు ఫూబార్2000 అనే కంప్యూటర్ ప్లేయర్‌లో రీప్లేగెయిన్ (పాటల సౌండ్ కొలిచి సమం చేసే పద్ధతి) స్కాన్ చేసుకోవచ్చు. వేర్వేరు సినిమాల పాటల్ని పోల్చేటప్పుడు ట్రాక్ గెయిన్, ఒకే ఆల్బమ్‌ని మొదటినుంచి చివరిదాకా వినేటప్పుడు ఆల్బమ్ గెయిన్ పెట్టండి. ట్రాక్ గెయిన్‌తో ఆల్బమ్ వింటే జోలపాట, తీన్మార్ ఒకే ఎత్తున మోగి సంగీత దర్శకుడు అనుకున్న ఎత్తుపల్లాలు పోతాయి.

ఇలా సమం చేశాక కొన్ని మాస్ పాటలు చప్పబడతాయి, ఆశ్చర్యపోవద్దు. మాస్టరింగ్‌లో (పాటకి చివరి మెరుగు పెట్టే దశలో) లిమిటర్ (సౌండ్ ఒక హద్దు దాటకుండా నొక్కే పరికరం) గట్టిగా బిగించి మైనస్ 7 దాకా తోసిన పాటని యాప్ ఏడు డెసిబెల్స్ కిందికి లాగుతుంది. అప్పటికే డప్పు దెబ్బ మొన విరిగిపోయి ఉంటుంది కాబట్టి మిగిలేది బరువు లేని మోత. మిక్సింగ్ మార్కు ఇక్కడే తేలాలి.

వీడియో చూస్తూ వినకూడదు. ఫుల్ వీడియో సాంగ్‌లో డైలాగులు, అడుగుల చప్పుళ్లు కలుస్తాయి, చరణం కోసేసి కూడా ఉండొచ్చు. హీరో స్టెప్పుకి పడే మార్కు ట్యూన్ ఖాతాలో పడుతుంది. వ్యూస్ లెక్క అసలే వద్దు: ప్రచారానికి పెట్టిన డబ్బు, రీల్స్ ఊపు, అభిమానులు పదేపదే నొక్కడం అన్నీ అందులోనే కలిసి ఉంటాయి.

ఒక్కో ఆల్బమ్‌ని మూడుసార్లు వినాలి, మధ్యలో కనీసం వారం ఎడం ఇస్తూ. మొదటిసారి సాహిత్యం చూడకుండా ఇయర్‌ఫోన్స్‌లో. ఏ మాట అర్థం కాలేదో రాసిపెట్టుకోండి. రెండోసారి సాహిత్యం ఎదురుగా పెట్టుకుని. అర్థం కాని మాట కవి రాసిన కష్టమైన మాటా, గాయకుడు నమిలేసిన మాటా, మిక్సింగ్‌లో మునిగిపోయిన మాటా తెలిసిపోతుంది, మార్కు ఎవరిది కోయాలో కూడా తేలుతుంది. మూడోసారి కారులోనో, ఫోన్ స్పీకర్ మీదో. చిన్న ఫోన్ స్పీకర్ బేస్‌ని దాదాపు పలికించలేదు. బేస్ తీసేసినా పాట నిలబడితే బాణీకి బలముందన్నమాట. ఒక పూటలో రెండు ఆల్బమ్‌లకి మించి వినొద్దు, మూడో దానికి చెవి అలిసిపోయి అన్నీ ఒకేలా వినపడతాయి.

పాటకి పది మార్కులు: బాణీకి 4, సాహిత్యానికి 2, గానానికి 2, వాద్యాలూ మిక్సింగూ కలిపి 2. సాహిత్యం మార్కులో భావంతో పాటు మాట, బాణీ కలిసిన తీరు చూడాలి. తెలుగులో గురులఘువులు తప్పితే మాటే మారిపోతుంది. 'కల'లో మొదటి అక్షరం మీద బాణీ సాగితే వినేవాడికి 'కాల' అని పడుతుంది. 'వల' అయితే 'వాల'. ట్యూన్ ముందు, మాట తర్వాత అనే పద్ధతిలో ఇది తరచుగా జరుగుతుంది. గానంలో ళ-ల, ణ-న, శ-ష-స తేడాలు, ఒత్తులు పలికాయా లేదా చూడండి. గొంతు బాగుందని వీటిని వదిలేయొద్దు.

ఇప్పుడు ఆల్బమ్ మార్కు. సగటు తీయొద్దు. 10, 10, 5, 5, 5 వచ్చిన ఆల్బమ్‌కీ, ఐదు పాటలకీ 7 వచ్చిన ఆల్బమ్‌కీ సగటు ఒకటే, 7. వినేవాడికి ఆ రెండూ ఒకటి కావు. మొదటిదాంట్లో మూడు పాటలు దాటేస్తాడు. అందుకని పాటల్ని మార్కుల వరసలో పేర్చి, సరిగ్గా మధ్యన ఉన్న పాటకి సగం బరువు, అన్నిటికంటే పై పాటకి పావు, అన్నిటికంటే కింది పాటకి పావు ఇవ్వండి. మొదటి ఆల్బమ్‌కి 2.5, 2.5, 1.25 కలిపి 6.25 వస్తుంది, రెండోదానికి 7. పాటలు సరిసంఖ్యలో ఉంటే మధ్య రెండిటి సగటు తీసుకోండి.

ఈ లెక్కలో 2022లో మొదటి స్థానం సీతారామం. విశాల్ చంద్రశేఖర్ ఆల్బమ్‌లో పై పాటకి 9, మధ్య పాటకి 8, కింది పాటకి 7, మొత్తం 8. ఆ ఏడాది కింది పాట 7 దాకా నిలబడ్డ ఆల్బమ్ నా లెక్కలో ఇదొక్కటే. 'కానున్న కళ్యాణం' పల్లవి ప్రశ్న, జవాబుగా సాగుతుంది. అనురాగ్ కులకర్ణి గొంతు పొడుగు వాక్యంతో అడుగుతుంది, సిందూరి గొంతు రెండు పొట్టి మాటలతో, ఒకే తూగులో బదులిస్తుంది. వాక్యం ముగిసిన చోటే బాణీ కూడా ఆగుతుంది, ఎక్కడా మాట విరగదు. 2021 నవంబరు 30న పోయిన సీతారామశాస్త్రిగారి చివరి రచనల్లో ఇదొకటి. మాటకి చోటివ్వడం తెలిసిన సంగీత దర్శకుడి చేతిలో పడింది. 'ఇంతందం', 'ఓ సీతా హే రామా' రెంటిలోనూ ఎస్పీ చరణ్ గొంతు ఉండటం ఆల్బమ్‌కి ఒకే స్వభావం ఇచ్చింది.

ఆర్ఆర్ఆర్‌ది రెండో స్థానం, ఇక్కడే గొడవ వస్తుందని తెలుసు. ఏడు పాటలకి నేనిచ్చినవి 9.5, 9.5, 8, 7.5, 7, 6.5, 5.5. లెక్కకి 7.5 వచ్చింది. పైనున్న రెండూ 'నాటు నాటు', 'కొమురం భీముడో'. 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చింది కానీ దాని బలం మన 6/8 (ఆరు దెబ్బల) నడకలో, చంద్రబోస్ ఊరి మాటల్ని ఆ నడక మీద దెబ్బకొక ముక్కగా పరవడంలో ఉంది. సుద్దాల అశోక్ తేజ రాసిన 'కొమురం భీముడో'లో కాలభైరవ గొంతే పాటని మోస్తుంది, వాద్యాలు చాలాసేపు పక్కకి తప్పుకుని ఉంటాయి. కిందికి లాగింది 'ఎత్తర జెండా'. సినిమా చివర సంబరానికి సరిపోతుంది గానీ విడిగా మళ్లీ మళ్లీ వినిపించుకోదు.

మూడు భీమ్లా నాయక్. మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో మొదలయ్యే టైటిల్ పాట, దుర్గవ్వ గొంతుతో 'అడవితల్లి మాట', చిత్ర పాడిన 'అంత ఇష్టం' ఒకదానికొకటి దూరంగా ఉంటూనే ఒకే కథలోవనిపిస్తాయి. జానపద గొంతుల్ని ముక్కలు చేసి శాంపిల్లా వాడకుండా వాటి పాట వాటిని పాడనిచ్చాడు తమన్. అదే ఏడాది ఆయన సర్కారు వారి పాటలో 'కళావతి' ఒక్కటే చాలా ఎత్తున ఉండి మిగతావి అందుకోలేకపోయాయి, దాంతో ఆ ఆల్బమ్ ఏడో స్థానానికి దిగింది. ఈ సూత్రం లేకపోతే అది మూడులోనో నాలుగులోనో ఉండేది.

నాలుగు అంటే సుందరానికీ: వివేక్ సాగర్ వాద్యాల కూర్పు, 'పంచెకట్టు'కి అరుణా సాయిరామ్ గొంతు ఎంచుకోవడం. ఐదు విరాటపర్వం, సురేష్ బొబ్బిలి. 'నగాదారిలో' ఫోన్ స్పీకర్ మీద కూడా చెక్కుచెదరలేదు. ఆరు డీజే టిల్లు. టైటిల్ పాట వల్ల పై మార్కు బాగానే వచ్చింది.

ఎనిమిది దగ్గర ధమాకా, 18 పేజెస్ సమానంగా నిలిచాయి, రెండూ డిసెంబరు 23నే విడుదలయ్యాయి. డిసెంబరు ఆల్బమ్‌ల మార్కులు జనవరి నెలాఖరు దాకా ఖాయం చేయొద్దు, కొత్త మోజు తగ్గాక అర మార్కు పడిపోవడమో పెరగడమో జరుగుతుంది. అప్పటికీ టై ఉంటే కింది పాట మార్కు ఎక్కువ ఉన్నది ముందు. అదీ సమానమైతే సినిమా పేరు చెప్పకుండా ఆల్బమ్‌లోని రెండు పాటలు వేరేవాళ్లకి వినిపించి, రెండూ ఒకే సినిమావని పోల్చగలరేమో చూడాలి. 18 పేజెస్‌లో గోపీ సుందర్ మెలొడీలు తేలిగ్గా పోల్చుకోవచ్చు. ధమాకాలో భీమ్స్ ఊపు అంతకంటే తేలిగ్గా దొరికిపోయింది, 'జింతాక్' దరువు విన్న చెవి తర్వాతి పాటని వెంటనే పట్టేస్తుంది. ధమాకా ఎనిమిది, 18 పేజెస్ తొమ్మిది. పదో స్థానానికి 6 మార్కులు దాటిన ఆల్బమ్ దొరకలేదు, ఆ గడి ఖాళీగానే ఉంచాను.