నిషాపూర్ గిన్నె

గార్డు వచ్చి కొంచెం వెనక్కి జరగమన్నాక గాని తెలియలేదు, ఆ గిన్నె ముందు ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నానో.

న్యూయార్క్ మెట్ మ్యూజియంలో ఉంది. ఇరాన్‌లోని నిషాపూర్‌ది, 10వ శతాబ్దం. తెల్ల మట్టి పూత, అంచు చుట్టూ నల్లటి కూఫీ (కోణాలు తేలిన పాత అరబిక్ లిపి) అక్షరాలు. పనికి ముందే ఆలోచించుకుంటే పశ్చాత్తాపం ఉండదని రాశారు, వడ్డించుకునే గిన్నె మీద!

ఉత్త రంగు వేస్తే గ్లేజులో (కాల్చినప్పుడు గాజులా కరిగే పైపూతలో) కారిపోతుందని దాన్ని పల్చటి మట్టిలో కలిపి రాసేవాళ్లు. అందుకే వెయ్యేళ్ల తర్వాత కూడా గీత అంత పదునుగా ఉంది.

సేకరించేవాళ్లు వీటి కోసం ఎందుకంత తపిస్తారో ఇవాళ అర్థమైంది. మార్కెట్‌కి వచ్చేవాటిలో చాలావరకు ముక్కలు అతికించి, పోయినచోట మళ్లీ రంగేసినవే, అయినా వదులుకోలేరు.

నాకైతే మధ్యలో వదిలేసిన ఆ తెలుపే కళ్లలో ఉండిపోయింది. అంత చోటుండి ఒక్క పువ్వు కూడా వేయకుండా ఆగిన ఆ చెయ్యి ఎవరిదో.