నరుకుతూ కాపాడుకున్న అడవి

అడవిని కాపాడడమంటే దాని జోలికి పోకుండా ఉండడమేనని మనలో చాలామంది నమ్ముతాం. జపాన్‌లోని సతోయామ పల్లెసీమల గురించి చదివేకొద్దీ ఆ నమ్మకం అన్నిచోట్లా చెల్లదని నాకు తోస్తోంది. కొండ దిగువన అడవి, దాని అంచున ఇళ్ళు, పశువులకు మేతనూ ఇంటి కప్పులకు గడ్డినీ ఇచ్చే బీడు, ఆపైన చెరువు, కాలువలు, వరిమళ్ళు: ఇవన్నీ ఒకదానినొకటి పోషించుకుంటూ శతాబ్దాలపాటు సాగిన ఏర్పాటు అది.

అక్కడి అడవిలో ఎక్కువగా ఉండేవి కొనారా, కునుగి అనే ఓక్ జాతి చెట్లు. సుమారు పదిహేను ఇరవై ఏళ్ళకొకసారి వాటిని మొదలంటా నరికి బొగ్గుకూ వంటచెరకుకూ వాడుకునేవారు. మోడు నుంచి పిలకలు లేచి మళ్ళీ చెట్లయ్యేవి. ఒక్కో ఏడు ఒక్కో భాగాన్నే నరకడం వల్ల లేతచెట్లూ ముదురుచెట్లూ పక్కపక్కనే ఉండేవి. రాలిన ఆకులను ఊడ్చి, కుళ్ళబెట్టి, పొలాలకు ఎరువుగా తోలేవారు. అలా నేలకు వెలుగు తగిలినచోటనే వసంతారంభంలో కతాకురి పూలు పూసేవి, గిఫు సీతాకోకచిలుకలు వాటిమీద వాలేవి. మెదాకా అనే చిట్టిచేప కాలువల్లోంచి వరిమళ్ళలోకి వచ్చి గుడ్లు పెట్టేది. ఈ ప్రాణులన్నీ మనిషి పని చేస్తున్నందువల్లనే అక్కడ బతికాయన్న సంగతి నన్ను ఎంతగానో కదిలించింది.

1950ల నుంచి కిరోసిన్, గ్యాస్, రసాయన ఎరువులు పల్లెలకు చేరడంతో అడవితో ఊరికి అవసరం తీరిపోయింది. యువకులు నగరాలకు తరలిపోయారు. నరికేవారు లేక అడవి చీకటైంది, వెదురు అల్లుకుపోయింది, అడవిపందులూ జింకలూ పొలాల మీద పడ్డాయి. ఒకప్పుడు ప్రతి కాలువలోనూ కనిపించిన మెదాకా 1999లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాకెక్కింది.

తోకి అనే ఐబిస్ జాతి పక్షి కథ ఇంకా బాధాకరం. సాదో దీవిలో స్వేచ్ఛగా తిరుగుతూ మిగిలిన చివరి ఐదు పక్షులను 1981లో పట్టి సంరక్షణ కేంద్రంలో ఉంచినా ఆ సంతతి నిలవలేదు. జపాన్ సొంత సంతతిలో చివరి తోకి 2003లో చనిపోయింది. చైనా ఇచ్చిన పక్షులతో పెంచిన సంతతిని 2008లో మళ్ళీ సాదో ఆకాశంలోకి వదిలారు. అయితే వదిలిన పక్షికి పొలంలో తిండి దొరకాలి కదా. అందుకు అక్కడి రైతులు చలికాలంలోనూ మళ్ళలో నీరు నిలిపారు, మడి ఎండగట్టినప్పుడు చేపలూ కప్పలూ తలదాచుకోవడానికి గట్ల పక్కన లోతైన కాలువలు తవ్వారు, పురుగుమందులనూ రసాయన ఎరువులనూ సగానికి తగ్గించారు. ఆ బియ్యాన్ని ప్రత్యేక ముద్రతో అమ్ముతారు. నా దృష్టిలో తోకిని తిరిగి నిలబెట్టినవారిలో ఆ రైతులదే పెద్దపీట.

2010లో నగోయాలో జరిగిన జీవవైవిధ్య సదస్సులో జపాన్ సతోయామ పేరిట ఒక అంతర్జాతీయ కార్యక్రమాన్ని ముందుకు తెచ్చింది. ఆ తరువాతి సదస్సు 2012 అక్టోబరులో మన హైదరాబాదులోనే జరిగింది. మన గొలుసుకట్టు చెరువులు అదే కోవకు చెందినవని నేను గట్టిగా నమ్ముతాను. నీరటి తూము తీసి మడిమడికీ నీరు పారించేవాడు, వేసవిలో చెరువు మట్టిని రైతులు బండ్లతో చేలకు తోలుకునేవారు, కట్టమీది ఈతచెట్లు గీతకార్మికులకూ, నీటిలోని చేపలు బెస్తలకూ, శిఖంలోని, అంటే నీరు తగ్గాక తేలే చెరువు నేలలోని, పచ్చిక గొర్రెలకూ ఆధారమయ్యేవి. ఇంతమంది అవసరం ఉన్నందువల్లనే కట్ట తెగితే ఊరంతా కదిలేది. నగరంలో ఆయకట్టు ప్లాట్లుగా మారాక తూముకు పనిలేకుండా పోయింది. చెరువు చుట్టూ కంచె, నడకదారి, దీపాలు వేస్తే కబ్జా కొంత ఆగుతుంది, అది మంచిదే. కానీ ఆ నీటితో రోజూ పని ఉన్నవారు లేకపోతే అందులోకి మురుగు చేరుతోందని నిలదీసేవారు తగ్గిపోతారు.

నోతో ద్వీపకల్పంలోని షిరొయోనె సెన్‌మైదా అనే మెట్లమెట్లుగా ఉన్న పొలాలలో వెయ్యికి పైగా చిన్నచిన్న మళ్ళు ఉన్నాయి. అక్కడ పట్టణవాసులు డబ్బు కట్టి మడికి యజమానులుగా చేరి, నాట్లకూ కోతలకూ వస్తారు. 2024 జనవరి 1న వచ్చిన భూకంపానికి మళ్ళు బీటలు వారినా, ఆ ఏడాదే కొన్నింటిలో మళ్ళీ నాట్లు పడ్డాయి. మన ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఆయకట్టు ఇంకా మిగిలిన చెరువులున్నాయి. వాటి కింది రైతులతో నగరవాసులు ఇలాంటి ఒప్పందం చేసుకుని, పంటకు ముందే సొమ్ము కట్టి, వేసవిలో పూడికతీతకు చేయి కలిపితే బాగుంటుంది. ఏ ఊరైనా ఇందుకు ముందుకు వస్తే మా ఇంటి బియ్యం అక్కడినుంచే తెచ్చుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.