క్యాంపస్‌లో ఓఫ్రెండా నిలబెట్టడం: నా అనుభవం

అమెరికా యూనివర్సిటీల్లో హిస్పానిక్ హెరిటేజ్ మంత్, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ల వారసత్వాన్ని వేడుక చేసుకునే నెల, ఒకటో తారీఖున మొదలవదు. సెప్టెంబరు 15న మొదలై అక్టోబరు 15న ముగుస్తుంది. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగువా, కోస్టారికా దేశాలకు స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 15. మర్నాడు మెక్సికోది, 18న చిలీది. అందుకే ఆ తేదీ. 1968లో జాన్సన్ అధ్యక్షుడిగా ఉండగా వారం రోజుల వేడుకగా మొదలైంది, 1988లో రీగన్ కాలంలో నెల అయింది. ఇందులో విద్యార్థి సంఘాలను ఇబ్బంది పెట్టే సంగతి ఒకటుంది. లాటిన్ అమెరికా కుటుంబాల పిల్లలు అన్నిటికంటే ఎక్కువ మనసు పెట్టి చేసే పని, చనిపోయినవాళ్ల కోసం ఓఫ్రెండా పేర్చడం, నవంబరు 1, 2 తేదీల్లో వస్తుంది. అప్పటికి ఆ ‘నెల’ అయిపోయి రెండు వారాలు దాటుతుంది, దాని పేరున ఇచ్చిన డబ్బూ అయిపోతుంది. కాబట్టి మొదటి పని: ఓఫ్రెండాకు బడ్జెట్ అర్జీ విడిగా పెట్టాలి, అదీ ఏప్రిల్‌లోనే. ఆగస్టు చివర క్లాసులు మొదలయ్యాక కదిలితే హాలూ దొరకదు, డబ్బూ దొరకదు.

ఒక లాటిన్ అమెరికన్ విద్యార్థి సంఘంతో కలిసి రెండేళ్లు ఈ పని చేశాను. తెలుగు విద్యార్థులు ఇలాంటి వేడుకలకు చేయి కలపడం క్యాంపస్‌లలో మామూలే. వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఓఫ్రెండా అంటే ఏమిటో మనవాళ్లకు చెప్పడం తేలిక. బొమ్మల కొలువు మెట్లు తలుచుకోండి. వాటి మీద బొమ్మల బదులు పోయినవాళ్ల ఫొటోలు, వాళ్లకు ఇష్టమైన తిండి, ఉప్పు, ఒక గ్లాసు మంచినీళ్లు, దీపాలు, నిండుగా బంతిపూలు. పెత్రమాస నాడు పెద్దలను తలుచుకుని ఇష్టమైనవి వండిపెట్టినట్టే, ఆ రెండు రోజులూ పోయినవాళ్లు ఇంటికొస్తారని నమ్మకం. నవంబరు 1 పసిపిల్లలుగా పోయినవాళ్లది, 2 పెద్దలది. నీళ్లు దూరం నుంచి వచ్చినవాళ్ల దాహానికి. పూల రంగూ వాసనా దారి చూపడానికి. ఇది హాలు అలంకరణ కాదు, మెట్ల మీద ఎవరిదో అమ్మమ్మ ఫొటో ఉంటుంది. కింద రాసే ప్రతి జాగ్రత్తకూ మూలం ఇదే.

చోటు సంగతి. స్టూడెంట్ యూనియన్ లాబీ మంచిది, జనం తిరుగుతారు. కానీ తలుపు పక్కన వద్దు. ఆటోమేటిక్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా గాలి కొట్టి కాగితపు తోరణాలు మెలిపడతాయి, ఫొటోలు బోర్లా పడతాయి. రాత్రి తాళం పడే చోటు కావాలి, ఎందుకంటే ఫొటోలు అక్కడే ఉంటాయి. అక్టోబరు 30 నుంచి నవంబరు 3 దాకా, అయిదు రోజులు బుక్ చేయాలి. హాలోవీన్ అక్టోబరు 31 కాబట్టి ఆ వారానికి పోటీ ఎక్కువ. ఎదురుగా మూడడుగుల దారి వదలాలి, వీల్‌చెయిర్ తిరగాలి. పైన స్ప్రింక్లర్ ఉంటే దాని కింద 18 అంగుళాలు ఖాళీ ఉండాలి, ఆ గొట్టాలకు దారం కట్టకూడదు. ఫైర్ సేఫ్టీవాళ్లు వచ్చి మొదట చూసేవి ఇవే.

నిప్పు దగ్గర అందరూ తడబడతారు. క్యాంపస్ భవనాల్లో మంట వెలిగించనివ్వరు, కాబట్టి కొవ్వొత్తుల బదులు బ్యాటరీ దీపాలే. టైమర్ ఉన్నవి కొనండి. టైమర్ లేనివి మొదటి ఏడాది రెండో రాత్రికే ఆరిపోయాయి, అసలు రోజుకు చీకటి మిగిలింది. కొపాల్ అని మన సాంబ్రాణి లాంటి చెట్టు బంక ధూపం వేస్తారు. లోపల వేస్తే పొగ అలారం మోగి భవనమంతా ఖాళీ చేయాల్సొస్తుంది. మేం ఎంచుకున్న దారి: మట్టి ధూపపాత్రలో బంక ముక్కలు వెలిగించకుండా మెట్ల మీద పెట్టాం. నవంబరు 2 సాయంత్రం విడిగా అనుమతి తీసుకుని, భవనానికి 25 అడుగుల అవతల, పక్కన నీళ్ల బకెట్టూ ఫైర్ ఎక్స్‌టింగ్విషరూ పెట్టుకుని వెలిగించాం. ఆ వాసన కోసమే వచ్చి నిలబడేవాళ్లుంటారు, కష్టమైనా ఇది వదలొద్దు.

మెట్లు కట్టడం. ఆరడుగుల మడత బల్ల ఒకటి అడుగు మెట్టు. దాని మీద వెనక్కి జరిపి పాల క్రేట్లు రెండు వరసలు: ముందు వరస ఒక క్రేటు ఎత్తు, వెనక వరస రెండు. అలా మూడు మెట్లవుతాయి. రెండు మెట్లు పెడితే నేల, ఆకాశం అంటారు. ఏడు మెట్లు పేర్చే ఇళ్లూ ఉన్నాయి. క్యాంపస్‌లో మూడు చాలు, ఏడుకు వెళ్తే పైవి ఊగుతాయి. క్రేట్లను జిప్ టైలతో కలిపి బిగించాకే గుడ్డ పరవాలి. పైన వంపు తోరణానికి అర అంగుళం పీవీసీ పైపు, పదడుగులది. ఆరడుగుల బల్ల మీద వంచితే సుమారు మూడడుగుల ఎత్తున అర్ధచంద్రంలా కూర్చుంటుంది. పైపు తిన్నగా అవ్వాలని బయటికి తోస్తూనే ఉంటుంది. కాళ్లను టేపుతో అంటిస్తే తెల్లారేసరికి ఊడిపోతుంది. బల్ల కాళ్లకు క్లాంపులతో బిగించాల్సిందే.

ఇక పూలు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. సెంపసూచిల్ అని వాళ్లు పిలిచేది మన బంతిపువ్వే, అదే మొక్క. బంతి పుట్టిల్లు మెక్సికో. బతుకమ్మలో వరసలు తిరిగే బంతీ, దసరాకు గుమ్మాలకు కట్టే బంతీ సముద్రాలు దాటి మన దగ్గరికి వచ్చినదే. సపోటా మొక్కా అక్కడిదే, ఆ పేరు కూడా అక్కడి నహువాట్ల్ భాషలోని మాట నుంచే వచ్చింది. ఈ సంగతి చెబితే అవతలివాళ్లూ మనవాళ్లూ పూల గంపలు మధ్యలో పెట్టుకుని అరగంట మాట్లాడుకుంటారు.

అయితే పూలు దొరకడమే కష్టం. చలి ప్రాంతాల్లో అక్టోబరు చివరికి మంచు పడి తోటల్లో బంతి చచ్చిపోతుంది. మామూలు పూల కొట్లలో ఉండదు. మెక్సికన్ కిరాణా కొట్లలో అక్టోబరు ఆఖరి వారం కట్టలుగా వస్తాయి, రెండు వారాల ముందే చెప్పి బయానా ఇవ్వాలి. దండ లెక్క: పూలను నడిమి నుంచి గుచ్చితే ఒక్కో పువ్వు సుమారు అంగుళంన్నర తీసుకుంటుంది. అంటే ఆరడుగుల దండకు దాదాపు 50 పూలు. తొడిమ తీసి గుచ్చిన పూలు వేడి హాలులో రెండు మూడు రోజులకే వడిలిపోతాయి. అందుకని పై వంపుకు ముడతల కాగితంతో చేసిన పూలు కట్టి, నిజం పూలు కాడలతో నీళ్ల పాత్రల్లో, కళ్లకు అందేచోట పెట్టాం. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే మూడో రోజుకు కాడలు కుళ్లి కంపు కొడతాయి. నేల మీద రేకుల దారి వేసేటప్పుడు కింద గోధుమరంగు చుట్టకాగితం పరచండి. తడి రేకుల మీద కాలు జారుతుంది, కార్పెట్ మీద పసుపు మరక పోదు, శుభ్రం చేయించిన బిల్లు సంఘానికే వస్తుంది.

పపెల్ పికాదో అంటే రంగు పల్చటి కాగితంలో కత్తిరించిన తోరణాలు. మెక్సికోలో ప్వెబ్లా రాష్ట్రంలోని సాన్ సాల్వదోర్ విష్కొలోత్ల ఊరు దీనికి పేరుపొందింది. అక్కడి పనివాళ్లు పదుల కాగితాలు దొంతరగా పెట్టి ఉలులతో చెక్కుతారు. మనం కత్తెరతో చేసేటప్పుడు నాలుగు కాగితాలు మించొద్దు, మడతలు పడ్డాక అంతకంటే ఎక్కువైతే లోపలివి చిరుగుతాయి. 20 బై 30 అంగుళాల టిష్యూ కాగితాన్ని రెండుగా కోస్తే ఒక్కోటి 15 అంగుళాల వెడల్పు. అలాంటివి పది, నడుమ రెండేసి అంగుళాలు వదిలి కడితే 14 అడుగుల తోరణం. దారం మీదికి పై అంచు ఒక అంగుళం మడిచి గ్లూ స్టిక్‌తో అంటించాలి. నీళ్ల జిగురు వాడితే రంగు కారి కాగితం పీలికలవుతుంది. ఈ పనికి ఒక సాయంత్రం పెట్టి అందరినీ పిలవండి. సంఘంతో పరిచయం లేని కొత్తవాళ్లు కత్తెర పట్టుకుని కూర్చుంటే వాళ్లంతట వాళ్లే మాట్లాడతారు.

చక్కెర పుర్రెలు, కలవేరాలు, చేయడానికి కప్పు చక్కెరకు టీ చెంచా మెరాంగ్ పొడి (గుడ్డు తెల్లసొనతో చేసే పొడి), టీ చెంచా నీళ్లు. పిడికిట్లో నొక్కితే వేలిముద్ర నిలవాలి. అచ్చులో గట్టిగా కూరి వెంటనే అట్ట మీద బోర్లించి, రాత్రంతా కదపకుండా ఆరనివ్వాలి. ముసురు పట్టిన రోజు చేస్తే ఆరవు, అంచులు రాలిపోతాయి. ఇవి తినడానికి కాదని చీటీ పెట్టండి. చీమలు తప్పకుండా వస్తాయి, కింద మూత లాంటి ప్లాస్టిక్ పళ్లెం ఉంటే రాత్రికి ఎత్తి డబ్బాలో పెట్టేయొచ్చు.

తిండి విషయంలో ఇంట్లో వండినది జనానికి పంచనివ్వరు. లైసెన్సున్న మెక్సికన్ బేకరీలో పాన్ దె ముయెర్తో ఆర్డరిచ్చాం. పైన ఎముకల ఆకారంలో పిండి, దాని మీద చక్కెర ఉండే తీపి రొట్టె ఇది. గుడ్లుంటాయి. కొన్నిచోట్ల వెన్న బదులు పంది కొవ్వు వాడతారు. శాకాహారులు, ముస్లింలు తప్పక అడుగుతారు కాబట్టి బేకరీలో ముందే అడిగి చీటీ మీద రాయాలి. తమాలేలకూ (మొక్కజొన్న పిండిని పొట్లం కట్టి ఆవిరికి ఉడికించినవి), ఉడికించిన బీన్స్‌కూ ఇదే జాగ్రత్త. వేడి పానీయానికి అయిదు గ్యాలన్ల డబ్బా తీసుకుంటే ఎనిమిది ఔన్సుల కప్పులు 80 వస్తాయి. చంపురాదో మాత్రం అందులో పోయొద్దు. మొక్కజొన్న పిండి కలిసిన చిక్కటి చాక్లెట్ అది, అడుగున పేరుకుని కుళాయి మూసుకుపోతుంది. డబ్బాలో మామూలు మెక్సికన్ చాక్లెట్ పోసి, చంపురాదోను గిన్నెలో ఉంచి గరిటెతో వడ్డించండి.

రెండో ఏడాది మొత్తం ఖర్చు 640 డాలర్లు. రొట్టెలకు 210, పూలకు 190, కాగితం, గుడ్డ, పైపుకు 110, చాక్లెట్‌కూ కప్పులకూ 70, దీపాలకు 60. కొనేముందే కొట్టువాడికి యూనివర్సిటీ పన్ను మినహాయింపు కాగితం చూపాలి. తర్వాత చూపితే ఆ పన్ను మన చేతినుంచే పోతుంది. చిన్న పూల కొట్లలో వస్తువులవారీ రసీదు ఇవ్వరు, అడిగి రాయించుకోండి.

పేర్ల గురించి కాస్త. పోస్టర్ మీద హిస్పానిక్ అనాలా, లాటినో అనాలా, లాటినెక్స్ అనాలా? హిస్పానిక్ అంటే స్పానిష్ భాషతో ముడి, బ్రెజిల్‌వాళ్లు బయటే ఉండిపోతారు. లాటినో అంటే వాళ్లూ వస్తారు. స్పానిష్‌లో మాటలకు ఆడ, మగ రూపాలుంటాయి కాబట్టి ఎవరినీ వదలకూడదని చివర ఎక్స్ పెట్టారు. స్పానిష్ నోటికి అది పలకడం కష్టమని లాటినే అనేవాళ్లున్నారు. దేశం పేరే చాలనేవాళ్లు మరెందరో. బయటివాళ్లం మనం తేల్చకూడదు, సంఘం ఏ పేరు పెట్టుకుంటే అదే అచ్చు వేయాలి.

ఇంకో పొరపాటు, అంతా మెక్సికోదే అనుకోవడం. గ్వాటెమాలాలో సుంపాంగో, సాంతియాగో సకటెపెకెస్ ఊళ్లలో నవంబరు 1న పెద్ద పెద్ద గాలిపటాలు ఎత్తుతారు. ఈక్వడార్‌లో ముదురు ఊదారంగు కొలాదా మొరాదా తాగి, పాపాయి ఆకారపు రొట్టెలు తింటారు. వీళ్లకోసం పక్కన రెండో బల్ల ఖాళీగా ఉంచి, సెప్టెంబరులోనే ‘మీ ఇంట్లో ఏం పెడతారు’ అని అడగాలి. మేం అక్టోబరు 25న అడిగాం, ఒక్క గాలిపటం కట్టడానికి కూడా వ్యవధి లేకపోయింది.

ఫొటోలు అసలువి తీసుకోవద్దు. స్కాన్ చేసి మంచి కాగితం మీద ప్రింటు తీసి, వెనక పేరూ, ఇచ్చినవాళ్ల ఫోనూ రాయాలి. బతికున్నవాళ్లు కనిపించే ఫొటో పెట్టకూడదని చాలా కుటుంబాలు పాటిస్తాయి, కత్తిరించే ముందు అడగండి. ఇంటివాళ్ల ఫొటోలు పై మెట్టు మీద. అందరికీ తెలిసినవాళ్లవి, గాయని సెలీనా, సరిహద్దు జీవితం రాసిన గ్లోరియా అంజల్దూవా, నికరాగువా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ 1972 డిసెంబరు 31న విమానం కూలి పోయిన బేస్‌బాల్ ఆటగాడు రొబెర్తో క్లెమెంతే, వీళ్లవి రెండో మెట్టు మీద.

కింది మెట్టు మీద ఖాళీ కార్డులు, దారంతో కట్టిన పెన్నులు పెట్టాం. ఎవరైనా పోయిన తమవాళ్ల పేరు రాయొచ్చని సంఘంవాళ్లే తీర్మానించి, పైన ఆ మాట రాసిపెట్టారు. ఇలాంటిది బయటివాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు. వీసా వల్లో, డబ్బు వల్లో ఆఖరిచూపుకు ఇంటికి వెళ్లలేకపోయిన విదేశీ విద్యార్థులు ఏ క్యాంపస్‌లోనైనా ఉంటారు. ఆ మెట్టు దగ్గర అరబిక్, చైనీస్, తెలుగు అక్షరాలు కనబడ్డాయి. 100 కార్డులు మధ్యాహ్నానికే అయిపోయాయి. 300 పెట్టుకోండి, పక్కనే ఒక కుర్చీ వేయండి.

నవంబరు 3న విప్పడానికి నలుగురు, రెండు గంటలు. ముందు ఫొటోలు లెక్కపెట్టి కవర్లలో పెట్టాలి, ఆ తర్వాతే గుడ్డ లాగాలి. కార్డులను చెత్తబుట్టలో వేయొద్దు, ఏం చేయాలో సంఘంవాళ్లను అడగండి. మాకు వాళ్లు చెప్పింది, డబ్బాలో దాచి వచ్చే ఏడు మెట్ల కింద పెట్టమని. పూలు దారాలు తీసి కంపోస్టుకు పంపాం. వాటిలో బాగా ఎండినవి కొన్ని కాగితం సంచిలో వేసి ఉంచాం. కొట్టు పూలలో మొలకెత్తే గింజ తక్కువే కానీ, జూన్ చివర కుండీల్లో చల్లితే అక్టోబరుకు పూత అందుతుంది.