డేవిస్, మూర్‌లను తిట్టే ముందు ఆ వాదన పూర్తిగా వినండి

సోషియాలజీలో సామాజిక స్తరీకరణ, అంటే సమాజం పైమెట్టు కిందిమెట్టుగా విడిపోవడం, ఆ చాప్టర్ తెరిస్తే మొదట తగిలేది అమెరికన్ సోషియాలజిస్టులు కింగ్స్‌లీ డేవిస్, విల్బర్ట్ మూర్. వాళ్ళ సిద్ధాంతాన్ని రెండు పేరాల్లో కానిచ్చేసి తర్వాత మూడు పేజీలు విమర్శలు రాస్తారు. పరీక్షకి అది చాలు, మార్కులు పడతాయి. నాకు మాత్రం ఆ విమర్శల్లో సగం వాళ్ళు అనని మాటలకి పెట్టినవే అనిపిస్తుంది. సిద్ధాంతం నిలబడుతుందని కాదు, అది విరిగే చోటు వేరే ఉంది.

1945లో అమెరికన్ సోషియలాజికల్ రివ్యూ అనే పత్రికలో వచ్చిన వాళ్ళ వ్యాసం పట్టుమని పది పేజీలు కూడా ఉండదు. వాదన ఇది. తరతమ భేదాలు లేని సమాజం ఎక్కడా కనిపించదు, కాబట్టి దానికి ఏదో అవసరం ఉండాలి. కొన్ని పనులు సమాజానికి మిగతావాటికంటే కీలకం, వాటిలో కొన్నింటికి అరుదైన ప్రతిభో ఏళ్ళ తరబడి శిక్షణో కావాలి, అంత కష్టపడి ఎవరైనా రావాలంటే డబ్బో హోదానో ఎక్కువ ముట్టాలి. ఇదంతా ఎవరో కూర్చుని ప్లాన్ చేసింది కాదు, సమాజం తనకి తెలియకుండానే ఏర్పాటు చేసుకుంది అంటారు. టాల్కాట్ పార్సన్స్ అనే ఇంకో అమెరికన్ సోషియాలజిస్టు వేరే దారిలో దాదాపు ఇక్కడికే వస్తాడు: సమాజం వేటికి విలువ ఇవ్వాలో అందరికీ ఒక ఒప్పుదల ఉంటుంది, ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ అనేది దాన్నిబట్టే తేలుతుంది. ఆ ఒప్పుదల ఎవరు తయారు చేశారని అడిగితే ఆయన దగ్గర పెద్దగా సమాధానం దొరకదు.

ఇప్పుడు అందరూ వేసే ప్రశ్న: చెత్త ఎత్తే మనిషి వారం రోజులు రాకపోతే ఊరు ఆగిపోతుంది, ప్రకటనల కంపెనీ బాస్ నెల రాకపోయినా ఎవరికీ తెలియదు, మరి జీతాలు తలకిందులుగా ఎందుకున్నాయి? బాగా తగిలే ప్రశ్నే, 2020లో లాక్‌డౌన్ల టైమ్‌లో ప్రపంచమంతా ఇదే అడిగింది. కానీ డేవిస్, మూర్ దీనికి ముందే జవాబు రాసిపెట్టుకున్నారు. పని ముఖ్యమైనంత మాత్రాన ప్రతిఫలం పెరగక్కర్లేదు, ఆ పనికి మనుషులు సులువుగా దొరుకుతుంటే ఎక్కువ ఇవ్వాల్సిన అవసరం లేదు అన్నారు. అంటే వాళ్ళ లెక్కలో రెండు ఉన్నాయి, ప్రాముఖ్యత ఒకటి, కొరత ఒకటి. ఈ రెండోదాన్ని వదిలేసి విమర్శించడం వల్లే దెబ్బ గురి తప్పుతోంది.

అసలు కథ ఆ కొరత దగ్గరే ఉంది. డాక్టర్లు తక్కువ ఉన్నారంటే దానికి కారణం తెలివైనవాళ్ళు తక్కువ పుట్టడమా? సీట్లు ఇన్నే అని గిరి గీసేది ఎవరు, ఫీజు కట్టగలిగేది ఎవరు, లైసెన్సు ఇచ్చే సంఘంలో కూర్చున్నది ఎవరు? 1953లో అదే పత్రికలో సోషియాలజిస్టు మెల్విన్ ట్యూమిన్ వాళ్ళని విమర్శిస్తూ పట్టుకున్నది ఇదే. సమాజం ఎంత నిచ్చెనమెట్లుగా ఉంటే తన దగ్గర ఎంత ప్రతిభ ఉందో దానికి అంత తక్కువ తెలుస్తుంది, ఎందుకంటే కింది మెట్టు మీద పుట్టినవాళ్ళని పరీక్షించి చూసే పనే జరగదు. కొరతని చూపించి అసమానతని సమర్థిస్తున్నాం, ఆ కొరతేమో చాలావరకు అసమానత వల్ల వచ్చిందే.

శిక్షణ కోసం చేసే త్యాగం గురించి ట్యూమిన్ వేసిన లెక్క నాకు ఇంకా ఇష్టం. చదువు ఖర్చు పెట్టేది ఎక్కువగా తల్లిదండ్రులు, వాళ్ళు పెట్టగలిగింది వాళ్ళకి అప్పటికే ఉన్న మెట్టు వల్ల. చదివే కాలంలో పోయిన సంపాదన ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్ళలో తిరిగి వచ్చేస్తుంది, మరి ఆ తర్వాత కూడా రిటైరయ్యేదాకా ఎక్కువ జీతం ఎందుకు? పైగా స్టూడెంట్‌గా ఉండటమే ఒక సుఖం అంటాడు, తీరిక, మర్యాద, బాధ్యతలు వాయిదా. పదహారేళ్ళకే పనిలో చేరినవాడికి ఇవేవీ ఉండవు, అయినా త్యాగం మాత్రం చదువుకున్నవాడి ఖాతాలోనే పడుతుంది!

దీనికి డేవిస్ సమాధానం: మేం చెప్పింది పదవుల గురించి, ఆ పదవుల్లోకి ఏ వ్యక్తి వెళ్తాడన్నది వేరే విషయం. నా దృష్టిలో సిద్ధాంతం విరిగింది ఇక్కడే. అత్యంత అర్హులతో కీలక పదవులు నిండేలా చూడటమే స్తరీకరణ చేసే పని అని ముందు చెప్పి, తీరా వారసత్వం మాట వచ్చేసరికి వ్యక్తులు మా పరిధిలో లేరంటే ఎలా కుదురుతుంది? 1958లో వాల్టర్ బక్లీ అనే సోషియాలజిస్టు కూడా వేరే దారిలో ఇక్కడే నొక్కాడు, పనులు వేరువేరుగా ఉండటం ఒకటి, ఆ తేడా తరతరాలుగా కుటుంబాల్లో గడ్డకట్టడం ఇంకొకటి, స్తరీకరణ అంటే రెండోది అని.

విచిత్రం ఏమిటంటే ఈ వాదానికి తాతలాంటి ఫ్రెంచ్ సోషియాలజిస్టు డర్క్‌హైమ్‌కి ఇది ముందే తెలుసు. 1893లోనే, పుట్టుకతో ధనికులు, పేదలు ఉన్నంతకాలం ఒప్పందాలు న్యాయంగా ఉండవని రాశాడు. మనవలు ఆ పేజీ దాటేశారు.

అందరికంటే గట్టి దెబ్బ మాత్రం సోషియాలజిస్టు హెర్బర్ట్ గాన్స్‌ది. 1971లో ఆయన ఫంక్షనలిస్టుల పద్ధతినే, అంటే సమాజంలో ఉన్నదానికి ఏదో ఉపయోగం ఉండాలనే డేవిస్, మూర్‌ల పద్ధతినే తీసుకుని పేదరికం వల్ల ఉపయోగాలు ఏమిటో వరసగా రాసుకుంటూ పోయాడు. ఎవరూ ఇష్టపడని మురికి పనులు తక్కువ జీతానికి జరిగిపోతాయి, పోలీసులకీ సంక్షేమ శాఖలకీ ఉద్యోగాలు ఉంటాయి, నిన్నటి రొట్టెకీ పాతబట్టలకీ కొనేవాళ్ళు దొరుకుతారు. ముఖం సీరియస్‌గా పెట్టి అన్నీ చెప్పి, వీటిలో చాలావాటికి పేదరికం లేకుండానే వేరే మార్గాలున్నాయి, కాకపోతే వాటి ఖర్చు ఉన్నవాళ్ళ మీద పడుతుంది అంటాడు. చెత్త ఎత్తే పనికి మంచి జీతం ఇవ్వడం ఆ మార్గాల్లో ఒకటి.